అప్పుని అప్పుతో గుణిస్తే

బోస్టన్ వెళ్ళిన మనవాళ్ళు చాలామంది హార్వర్డ్ విగ్రహం బూటు పట్టుకుని ఫొటో దిగి వస్తారు. నేనూ దిగాను. రోజూ ఎన్ని చేతులు తాకుతాయో ఏమో, ఆ బూటు కొస ఇత్తడి చెంబులా మెరుస్తోంది. కానీ ఆ ఆరు వారాల్లో బాగా గుర్తుండిపోయింది మాత్రం ఏ గైడూ చూపించని చోట, ఓ మంగళవారం సాయంత్రం జరిగింది.

మా మేనకోడలు క్విన్సీలో ఉంటుంది. బోస్టన్‌కి దక్షిణాన ఆనుకుని ఉన్న ఊరు. ఆసుపత్రిలో నర్సు, కొత్తగా చేరే నర్సులకి ట్రైనింగ్ ఇస్తుంది. దానికి తోడు సాయంత్రాలు యూమాస్ బోస్టన్‌లో, అంటే మసాచుసెట్స్ యూనివర్సిటీ వాళ్ళ బోస్టన్ క్యాంపస్‌లో, ఎం.ఏ. చదువుతోంది. ఏం ఎం.ఏ. అంటే ‘క్రిటికల్ అండ్ క్రియేటివ్ థింకింగ్’ అంది. వాళ్ళలో వాళ్ళు సీసీటీ అంటారట. నాకైతే సీసీ కెమెరాలు గుర్తొచ్చాయి.

“ఆలోచించడానికి కూడా ఎం.ఏ. ఏంటమ్మా?” అన్నాను.

“అమ్మ కూడా ఇదే అంది మావయ్యా. రేపు మంగళవారం బయటివాళ్ళు కూడా రావచ్చు. వచ్చి చూసి తిట్టు,” అంది.

ముప్పై నాలుగేళ్ళు జిల్లా పరిషత్ హైస్కూళ్ళలో లెక్కలు చెప్పి, రిటైరై ఏడాది అయినవాణ్ణి. క్లాసురూమంటే నాకు తెలియనిదేముంటుంది అనుకునే బయల్దేరాను.

నార్త్ క్విన్సీలో రెడ్‌లైన్ రైలెక్కితే తర్వాతి స్టేషనే జేఎఫ్‌కే-యూమాస్. టికెట్ 2 డాలర్ల 40 సెంట్లు (రూపాయల్లోకి మార్చుకోవడం మొదటి వారంలోనే మానేశాను, బెంగ తప్ప లాభం లేదు). నెపాన్సెట్ నది దాటాక కుడివైపు కిటికీలోంచి ఓ పెద్ద తెల్ల గ్యాస్ ట్యాంకు కనబడుతుంది. దాని మీద ఇంద్రధనుస్సు రంగుల్లో వెడల్పాటి కుంచె గీతలు. కొరిటా కెంట్ అనే చిత్రకారిణి, ఒకప్పటి నన్, 1971లో డిజైన్ చేసిందట. ఆ పాత ట్యాంకు తీసేశాక అదే బొమ్మని పక్క ట్యాంకు మీద మళ్ళీ వేశారు.

“నీలం గీత అంచు చూడు మావయ్యా. ఏమైనా కనిపిస్తోందా?”

ఏమీ కనబడలేదు. గడ్డం ఉన్న మనిషి, వియత్నాం నాయకుడు హో చి మిన్ ముఖం పక్కనుంచి చూసినట్టుంటుందని చెప్పింది. వియత్నాం యుద్ధం జరుగుతున్న రోజుల్లో వేసిన బొమ్మ కదా, అప్పట్లో జనం గొడవ చేశారు. కొరిటా ఏమో అలాంటిదేం లేదంది. మేనకోడలు చెప్పాక నాకు ముక్కూ గడ్డమూ స్పష్టంగా కనబడ్డాయి. ఆ తర్వాత ఎన్నిసార్లు ఆ దారిన వెళ్ళినా గీత కనబడదు, హో చి మిన్నే కనబడతాడు. “మా మొదటి క్లాసులో సగంసేపు దీని మీదే మాట్లాడుకున్నాం. బొమ్మలో ఉన్నదెంత, మనం తెచ్చిపెట్టుకున్నదెంత అని,” అంది. ఊఁ కొట్టాను.

స్టేషన్ నుంచి క్యాంపస్‌కి ఉచితంగా షటిల్ బస్సు తిరుగుతుంది. కొలంబియా పాయింట్ అనే ఆ కొస మూడు వైపులా సముద్రమే. ఒకప్పుడు ఇక్కడ ఊరి చెత్త పోసేవారు. ఊరి మురుగునంతా తోడి సముద్రంలోకి పంపడానికి 1880ల్లో కట్టిన రాతి పంపుహౌసు ఇంకా నిలబడే ఉంది, పాత చర్చిలా. ఆ చెత్తదిబ్బ మీద 1974లో యూనివర్సిటీ వచ్చింది. పక్కనే కెనడీ లైబ్రరీ 1979లో తెరిచారు. మేనకోడలి కోర్సు మొదలైంది కూడా 1979లోనే. అది మొదలైనప్పుడు నేనింకా స్కూల్లో చదువుకుంటున్నా.

అక్టోబరు చివర. ఆరు కాకముందే చీకటి పడుతోంది, సముద్రం మీంచి గాలి చెవులు కోసేస్తోంది. మేం వెళ్ళిన ఇటుకల భవనానికి ఫిలిస్ వీట్లీ అనే కవయిత్రి పేరు. 1761లో ఆఫ్రికా నుంచి బానిసగా ఓడలో తెచ్చి, ఏడెనిమిదేళ్ళ పిల్లని, ఈ బోస్టన్‌లోనే అమ్మారు. ఆ ఓడ పేరే ఆ పిల్లకి పెట్టారు. 1773లో ఆవిడ పద్యాల పుస్తకం అచ్చయింది. మా వైపు బళ్ళకి స్థలదాతల పేర్లు ఉంటాయి. ఇక్కడ ఇలా ఉంది. మెట్ల దగ్గర ఓ నిమిషం ఆగాను.

గదిలో పన్నెండు మంది దాకా ఉన్నారు. గోడ మీద స్క్రీన్‌లో ఇంకో ఏడుగురు, వేరే రాష్ట్రాల నుంచి చదివేవాళ్ళు. ఒకాయన వంటింట్లో కూర్చుని అన్నం తింటూనే చేరాడు. నేననుకున్నట్టు ఇరవై రెండేళ్ళ పిల్లలు కారు. స్కూలు టీచర్లు, ఓ సాఫ్ట్‌వేర్ ఇంజనీరు, వృద్ధాశ్రమంలో పనిచేసే ఆవిడ, నాటకాలు వేయించే కుర్రాడు. పదేళ్ళ కిందట డిగ్రీ అయిపోయినా ఇప్పటికీ ఇలాంటి సాయంత్రాలకి వచ్చేవాళ్ళు ఇద్దరు. పగలంతా ఉద్యోగం చేసి వచ్చినవాళ్ళు కాబట్టి ముందు తిండి. తలా ఒకటి తెచ్చారు. మేనకోడలి పులిహోర టేబుల్ మీద పెట్టగానే ఇంజనీరు కరివేపాకు పక్కకి తీసిపెట్టడం మొదలెట్టాడు. వేరుశనగపప్పు ఉందని నేనే అందరికీ చెప్పాను. ఇక్కడ కొందరికి అది పడదు, ముందే చెప్పాలి అని మేనకోడలు ఇంట్లోనే పాఠం పెట్టింది.

తర్వాత కుర్చీలన్నీ గుండ్రంగా వేశారు. పాఠం చెప్పే ఆవిడ ఎవరో కనుక్కోవడానికే నాకు పది నిమిషాలు పట్టింది. ఆవిడా అందరితోపాటు ఓ కుర్చీలో ఉంది.

మొదట అందరూ ఒక్కో మాట చెప్పారు, ఈ రోజు ఏ మనసుతో ఇక్కడికొచ్చారో. ఇద్దరు “అలిసిపోయి” అన్నారు. నా వంతు వచ్చేసరికి “పులిహోరతో” అన్నాను. నవ్వారు. హమ్మయ్య అనుకున్నా.

ఆ తర్వాత ఎనిమిది నిమిషాలు రాయాలి. కలం ఆపకూడదు, కొట్టివేతలు వద్దు, తప్పులు చూసుకోవద్దు. ఏమీ తోచకపోతే ‘ఏమీ తోచడం లేదు’ అనే రాయాలి. ఎవరికీ చూపించక్కర్లేదు. ఆ రోజు మొదలుపెట్టుకోవడానికి ఇచ్చిన వాక్యం: ‘నేను జవాబు చెప్పకుండా దాటేసిన ఒక ప్రశ్న...’

తెలుగులో రాయొచ్చా అని మేనకోడల్ని అడిగాను. ఎవరూ చదవరుగా మావయ్యా అంది. మొదటి రెండు నిమిషాలు నిజంగానే ‘ఏమీ తోచడం లేదు, చలిగా ఉంది, పులిహోరలో ఉప్పు తగ్గింది’ అని రాశాను. అప్పుడు ఎక్కడి నుంచి ఊడిపడ్డాడో ఆ కుర్రాడు.

పల్నాడులో పనిచేసినప్పటి సంగతి. మిర్చి రైతుల ఊరు. ఎనిమిదో తరగతిలో పూర్ణసంఖ్యలు చెబుతున్నాను. మైనస్ అంటే అప్పు, ప్లస్ అంటే ఆస్తి అని చెప్పి కూడికలు, తీసివేతలు బాగానే నడిపించాను. గుణకారం దగ్గరికొచ్చి ‘మైనస్ ఇంటూ మైనస్ ప్లస్’ అని బోర్డు మీద రాయగానే వెనక బెంచీ నుంచి లేచాడు.

“అప్పుని అప్పుతో గుణిస్తే ఆస్తి ఎట్టా అవుద్ది సార్? అట్టయితే మా నాన్న ఈపాటికి షావుకారు కావాల.”

క్లాసంతా గొల్లుమంది. నేనూ నవ్వాను. నవ్వి, “అది రూలురా, రాసుకో” అన్నాను. వాడు కూర్చున్నాడు. రాసుకున్నాడు కూడా. ఆ ఏడాది మళ్ళీ ఏమీ అడిగినట్టు గుర్తులేదు.

ఎనిమిది నిమిషాలు అయ్యాయన్నారు. నేనింకా రాస్తూనే ఉన్నాను.

తర్వాతది ఇంకా కష్టం. ఇద్దరిద్దరు ఎదురెదురుగా కూర్చోవాలి. ఒకరు నాలుగు నిమిషాలు మాట్లాడతారు, రెండోవారు వినాలి. వినడమంటే వినడమే. సలహా ఇవ్వకూడదు, ‘మాకూ ఇలాగే ఒకసారి’ అని మొదలెట్టకూడదు, ప్రశ్న కూడా వేయకూడదు. తర్వాత మార్చుకోవాలి. నాకు వృద్ధాశ్రమంలో పనిచేసే ఆవిడ జోడీ పడింది. ఆవిడ ముందు చెప్పింది. అది ఆవిడ సంగతి, ఇక్కడ రాయను. కానీ ఆ నాలుగు నిమిషాలూ నా నోరు ఎంత దురద పెట్టిందో చెప్పాలి. రెండో నిమిషంలోనే నా దగ్గర మూడు పరిష్కారాలు తయారు. నాలుగో నిమిషానికి వచ్చేసరికి ఆ మూడింటిలో ఒక్కటీ ఆవిడ బాధకి సంబంధించింది కాదని తెలిసింది. మధ్యలో నోరు తెరిచి ఉంటే అసలు సంగతి దాకా వచ్చేదే కాదు.

నా వంతులో రెండున్నర నిమిషాలకి ఇంగ్లీషు అయిపోయింది. ‘ఎట్టా అవుద్ది సార్’ని ఇంగ్లీషులో ఎలా చెప్పను? ఆగిపోయాను. ఆవిడ కానివ్వండి అన్నట్టు తలూపింది. సరే, మిగతాది తెలుగులో చెప్పేశాను. ఒక్క ముక్క అర్థం కాకపోయినా కళ్ళు తిప్పకుండా వింది. ఇంత శ్రద్ధగా మా స్టాఫ్‌రూములో కూడా నా మాట ఎవరూ వినలేదు. ఇది మరీ విడ్డూరంగా ఉందని ఇప్పుడు రాస్తుంటే అనిపిస్తోంది. అప్పుడు అనిపించలేదు.

చివరి గంట గుండ్రంగా కూర్చుని మాట్లాడుకోవడం. మధ్యలో నేల మీద అంకెలు వేసిన అట్టముక్కలు పెట్టారు. మాట్లాడాలనుకున్నవాళ్ళు వరసలో తర్వాతి అంకె ముక్క తీసుకోవాలి. ముందు అంకె వాళ్ళు ముగించాక వీళ్ళ వంతు. వంతు ఖాయం అయింది కాబట్టి సందు కోసం కాచుకుని కూర్చోనక్కర్లేదు, నింపాదిగా వినొచ్చు అన్నది లెక్క. వంతు వచ్చాక చెప్పాలనిపించకపోతే ముక్క తిరిగి పెట్టేయొచ్చు. అవధానాల్లో అప్రస్తుత ప్రసంగి లాంటివాణ్ణి నేను, చుట్టుపక్కల బళ్ళ టీచర్లు కలిసే మా కాంప్లెక్స్ మీటింగుల్లో ఎవరినీ వాక్యం పూర్తి చేయనిచ్చే అలవాటు లేదు. నాకు ఏడో నంబరు వచ్చింది. ఆరుగురు మాట్లాడేలోపు నేను చెప్పాలనుకున్నది మూడుసార్లు మారింది. చివరికి ముక్క తిరిగి పెట్టేశాను.

మేనకోడలు తన ప్రాజెక్టు గురించి చెప్పింది. కొత్త నర్సులు డ్యూటీలో అనుమానం వచ్చినా పెద్దవాళ్ళని అడగడానికి ఎందుకు జంకుతారు, ఆ జంకు పోవడానికి ట్రైనింగులో ఏం మార్చాలి అన్నది. ఈ చదువులో ఇదే పద్ధతట. ఎవరి ఉద్యోగంలో ఉన్న చిక్కు వాళ్ళు తెచ్చుకుని, దాని మీద చదివి, అక్కడే ఏదో మార్చి చూసి, అది రాయడం. మేనకోడలు తను మొదటిసారి రాసిన కాగితాలు నాకు ఇంట్లో చూపించింది. మార్కులు లేవు. పేజీ నిండా టీచర్ ప్రశ్నలు, చివర ‘మళ్ళీ రాసి పంపండి’ అని. మూడుసార్లు రాసిందట. నేనైతే పదికి ఆరు వేసి పక్కన పెట్టేవాణ్ణి. నూట ఇరవై నోటుబుక్కులు దిద్దేవాడికి ఇంకో దారి ఏముందిలే. పాతిక మంది లోపు ఉండే గదిలో కుదిరేవి కొన్ని ఉంటాయి, అది వాళ్ళూ ఒప్పుకోవాలి.

లేచే ముందు బోర్డు మీద రెండు గళ్ళు గీశారు. ఒకదాని మీద ప్లస్ గుర్తు. రెండో దాని మీద మైనస్ వేస్తారనుకున్నాను. త్రికోణం వేశారు. డెల్టా! లెక్కల్లో మార్పుకి వాడే గుర్తు. ఈ సాయంత్రం ఏది బాగుంది అన్నది ప్లస్ కింద, ఏది మారిస్తే బాగుంటుంది అన్నది డెల్టా కింద. బాగాలేనివి రాయడానికి గడి లేదు. స్క్రీన్‌లో ఉన్నాయన తనకి జోడీ ఆలస్యంగా దొరికిందని డెల్టా రాయించాడు. నేను చెయ్యెత్తి ప్లస్ కింద ‘నిశ్శబ్దం’, డెల్టా కింద ‘కుర్చీలు’ అన్నాను. నడుము పట్టేసింది మరి.

బయటికొచ్చేసరికి తొమ్మిది. స్టేషన్‌లో నేను మేనకోడలికి ఆ కుర్రాడి సంగతి చెబుతూనే ఉన్నాను, అది వింటూనే ఉంది, ఇద్దరం రైలెక్కేశాం. జేఎఫ్‌కే దగ్గర రెడ్‌లైన్ రెండుగా చీలుతుంది. మేం ఎక్కింది ఆష్మాంట్ వైపు వెళ్ళేది. సావిన్ హిల్ స్టేషన్ పేరు వినబడ్డాక గానీ తెలియలేదు. దిగి, వెనక్కి వెళ్ళే రైలు కోసం చలిలో బెంచీ మీద కూర్చున్నాం.

“మరి అప్పుని అప్పుతో గుణిస్తే ఆస్తి ఎలా అవుతుంది మావయ్యా?” అంది.

“అప్పుని అప్పుతో గుణించడం లేదే అసలు. అక్కడే నేను తప్పు చెప్పా. మీ నాన్నకి నెలకి రెండు వేల అప్పు చొప్పున మూడు నెలల అప్పు మాఫీ అయిందనుకో. రెండు వేల అప్పు, అది మైనస్. మూడుసార్లు తీసేశారు, అదీ మైనస్. ఇంట్లోకి ఎంత కలిసొచ్చినట్టు?”

“ఆరు వేలు.”

“అంతే. రెండు నిమిషాల పని.”

మనకి అప్పుడు పొద్దున ఏడు దాటింది. ఆ స్కూల్లో నాతో పనిచేసిన తెలుగు మాస్టారికి వాట్సాప్ పెట్టాను. ఫలానా మిర్చి రైతు కొడుకు, వెనక బెంచీ, నోరు పెద్దది, వాడి నంబరు ఏమైనా దొరుకుతుందా అని. ఆయన పెందలాడే లేచే మనిషి. రైలు రాకముందే జవాబొచ్చింది.

“ఎవరు సార్? ఆ ఊళ్ళో అందరూ మిర్చి రైతుల కొడుకులే. ఏ బ్యాచ్?”

2008 అని కొట్టి, చెరిపేసి, 2010 అని కొట్టాను. అదీ చెరిపేశాను.