ఆరింటికి కాదు, లాప్‌టాప్ మూసినప్పుడు

నేను ఆరంభశూరుణ్ణని మా ఇంట్లో అందరికీ తెలుసు. "రేపట్నుంచి రోజూ సాయంత్రం వాకింగ్" అన్నాననుకోండి, మా ఆవిడ తల కూడా ఎత్తదు, అన్నిసార్లు విన్నది పాపం. అలాగని ఊరికే అంటానా అంటే అదీ కాదు, అన్నప్పుడు నిజంగానే అంటాను, సాయంత్రం అయ్యేసరికి మాత్రం ఎలా జారిపోతుందో తెలీకుండా జారిపోయి, మళ్ళీ రాత్రి పడుకోబోయేటప్పుడు "అరే, ఈరోజు కూడా వెళ్ళలేదే" అని గుర్తొస్తుంది.

దీని మీద బోలెడు రీసెర్చ్ ఉందని ఈమధ్యే తెలిసింది. పీటర్ గోల్‌విట్జర్ అనే సైకాలజిస్ట్ 1990ల నుంచి ఒకటే మాట చెప్తున్నాడు: "వాకింగ్ చేయాలి" అనేది కోరిక మాత్రమే, దాన్ని "ఫలానాది జరిగితే ఫలానా పని చేస్తా" అనే రూపంలోకి మార్చుకోండి అని. దీనికి ఇంప్లిమెంటేషన్ ఇంటెన్షన్ అని నోరు తిరగని పేరు పెట్టాడు, విషయం మాత్రం చాలా సింపుల్. 1997లో వచ్చిన ఒక స్టడీలో స్టూడెంట్స్‌కి క్రిస్మస్ ముందురోజు సాయంత్రం ఎలా గడిపారో 48 గంటల్లోపు రాసి పంపమన్నారు. ఎప్పుడు, ఎక్కడ కూర్చుని రాస్తారో ముందే అనుకున్నవాళ్ళలో పదిమందికి ఏడుగురు పంపారు, ఊరికే సరే అన్నవాళ్ళలో ముగ్గురే.

నన్ను బాగా ఆలోచనలో పడేసింది 2002 నాటి ఎక్సర్‌సైజ్ స్టడీ. వారానికి ఒక్కసారి, ఇరవై నిమిషాలు, అంతే అడిగింది. ఏమీ చెప్పని గ్రూపులో 38 శాతం మంది చేశారు. రెండో గ్రూపుకి గుండెజబ్బులు వస్తాయి, ఎక్సర్‌సైజ్ మంచిది అంటూ చదివించారు, వాళ్ళకి చేయాలన్న కోరిక పెరిగింది కూడా, చేసింది మాత్రం 35 శాతం! మూడో గ్రూపు అదే చదివి, ఏ రోజు ఏ టైముకి ఎక్కడ చేస్తామో కూడా రాసుకుంది, 91 శాతం. నేనిన్నేళ్ళూ ఆ రెండో గ్రూపులోనే ఉన్నా అన్నమాట, మోటివేషన్ వీడియోలు చూసుకుంటూ.

అన్నిచోట్లా ఇంత తేడా ఉండదు లెండి. అమెరికాలో ఒక కంపెనీ ఉద్యోగులతో ఫ్లూ టీకాకి తేదీ, టైము రాసుకోమంటే వేయించుకున్నవాళ్ళు 33 శాతం నుంచి 37కి వచ్చారు, అంతే. ఒక్క కాగితం ముక్కకి అదీ ఎక్కువే అని నా ఉద్దేశం.

ఇది ఎందుకు పనిచేస్తుందంటే, అలా అనుకున్నప్పుడు ఆ "ఫలానాది" మన బుర్రలో మెలకువగా ఉండిపోతుందట. ఎవరైనా వస్తారని ఎదురుచూస్తున్నప్పుడు గేటు చిన్న చప్పుడైనా వినపడదూ, అలాగ. అది ఎదురుపడగానే పని దానంతటదే మొదలవుతుంది, "ఇప్పుడు వెళ్ళాలా, కాసేపాగి వెళ్ళనా" అనే పంచాయితీ ఉండదు. నా కొంప మునిగేది సరిగ్గా ఆ పంచాయితీలోనే కాబట్టి ఇది నాకు టక్కున ఎక్కింది.

ఎక్కింది కానీ మొదట తప్పు చేశా. "ఆరైతే వాకింగ్‌కి వెళ్తా" అని రాసుకున్నా. ఆరింటికి నేను ఎప్పుడూ ఏదో ఒక కాల్‌లో ఉంటా, గడియారం వైపు చూసేసరికి ఏడుంపావు. ఆరు అనేది మనం చూస్తే కదా కనపడేది, అదొచ్చి మనల్ని తట్టదు. అప్పుడు మార్చి, "పని అయ్యాక లాప్‌టాప్ మూసిన వెంటనే షూస్ వేసుకుంటా" అని రాశా. వాకింగ్ అని కూడా రాయలేదు చూడండి, షూస్ అని మాత్రమే. షూస్ తెచ్చి టేబుల్ కిందే పెట్టుకున్నా, మూత టక్‌మని పడేసరికి కాళ్ళకి అవే తగులుతాయి. ఆరున్నరకి మూసినా, ఎనిమిదికి మూసినా ఆ టక్ మాత్రం తప్పదు కదా.

ఫోన్ దగ్గర ఇంకో దెబ్బ తిన్నా. "మంచం ఎక్కితే ఫోన్ ముట్టుకోను" అనుకున్నా, మంచం ఎక్కగానే మొదట గుర్తొచ్చేది ఫోనే! చేయను అని రాసుకుంటే ఆ చేయకూడనిదే ముందు గుర్తొచ్చే ప్రమాదం ఉందని తర్వాత చదివా, అందుకే దాన్ని "బెడ్‌రూమ్ లైట్ వేయగానే ఫోన్ హాల్లో చార్జింగ్‌కి పెడతా" అని మార్చా. ఇది వారంలో నాలుగు రోజులు నడుస్తోంది, మిగతా మూడు రోజుల గురించి అడక్కండి. ఆ ఊపులో ఒకేసారి ఏడెనిమిది రాసేశా కూడా, అన్నీ కలిసి ఏదీ గుర్తులేకుండా పోయింది, ఇప్పుడు రెండే ఉంచుకున్నా.

మొన్న ఆదివారం మిట్టమధ్యాహ్నం ఏదో బిల్లు కట్టడానికి లాప్‌టాప్ తెరిచి, కట్టేసి, మూశా. చూసుకునేసరికి ఒక కాలికి షూ ఎక్కేసి ఉంది, రెండోది చేతిలో ఉంది, బయట ఎండ మాడిపోతోంది. ఈసారి మా ఆవిడ తలెత్తి మరీ అడిగింది, "ఎక్కడికి?" అని.