రాత్ కన్వర్షన్: 1099-ఆర్‌లో ఉన్న అంకె మీ పన్ను అంకె కాదు

అమెరికా రిటైర్మెంట్ ఖాతా ఐఆర్‌ఏలో రెండు రకాలు: తీసుకునేటప్పుడు పన్ను పడే ట్రెడిషనల్, నియమాల ప్రకారం తీసుకుంటే పన్ను పడని రాత్. మొదటిదాంట్లోంచి రెండోదాంట్లోకి మార్చడమే కన్వర్షన్; అందులో అప్పటిదాకా పన్ను కట్టని భాగానికి ఆ ఏడు పన్ను పడుతుంది. కిందటేడు ట్రెడిషనల్ ఐఆర్‌ఏ నుంచి రాత్ ఐఆర్‌ఏకి డబ్బు మార్చుకున్నవాళ్లకు జనవరి నెలాఖరుకల్లా బ్రోకరేజీ ఆ మొత్తం చూపే 1099-ఆర్ ఫారం పంపిస్తుంది. 20,000 డాలర్లు మారిస్తే 1వ గడిలో 20,000, పన్ను పడే మొత్తం ఉండాల్సిన 2ఏ గడిలోనూ చాలావరకు అదే 20,000. దాన్నే రిటర్న్‌లో ఎక్కించి, కట్టనక్కర్లేని పన్ను కట్టేవాళ్లు కొందరు. "ఈ జేబులోది ఆ జేబులో వేశాం, చేతికి పైసా రాలేదు కదా" అని అసలు చూపకుండా వదిలేసేవాళ్లు ఇంకొందరు. రెండూ తప్పే.

2ఏ కిందున్న 2బీ గడి చూడండి. అక్కడ టిక్కు ఉంటే, పన్ను పడేదెంతో మేం తేల్చలేదని బ్రోకరేజీ చెబుతున్నట్టు. అప్పటికే పన్ను కట్టిన డబ్బు మీరు ఆ ఖాతాలో ఎంత వేశారో వాళ్లకు తెలీదు. తేల్చుకోవాల్సింది మీరు, తేల్చే చోటు రిటర్న్‌తో పాటు వేసే 8606 ఫారం. 7వ గడిలో కోడ్ కూడా చూసుకోవాలి. వయసు యాభై తొమ్మిదిన్నర లోపైతే 2, దాటితే 7 ఉండాలి. పొరపాటున 1 పడితే 10 శాతం పెనాల్టీ లెక్కలోకి వెళ్తారు, కాబట్టి సరిచేసిన ఫారం అడిగి తెప్పించుకోవాలి. ఉద్యోగంలో కంపెనీ ద్వారా పొదుపు చేసే 401(కె) ఖాతా నుంచి నేరుగా రాత్ ఐఆర్‌ఏకి మార్చినవాళ్ల దారి వేరు: కోడ్ జీ, అమెరికా పన్ను రిటర్న్ అయిన 1040లో 5ఏ, 5బీ లైన్లు. దానికి 8606తో పనిలేదు.

ఇప్పుడు లెక్క. తిరుచానూరు రోడ్డులో స్థిరపడిన అమెరికా పౌరుడు ఒకాయన అనుకుందాం. ఏళ్ల కిందట పన్ను మినహాయింపు తీసుకోకుండా ఐఆర్‌ఏలో వేసిన అసలు 14,000 డాలర్లు. ఈ ఏడు 20,000 మార్చాడు, డిసెంబర్ 31న మిగిలింది 50,000. వేరే విత్‌డ్రాయల్స్ లేవు. 8606లో 2వ లైన్లో 14,000 (3, 5 లైన్లలోకీ అదే వస్తుంది), 6వ లైన్లో 50,000, 8వ లైన్లో 20,000. రెండూ కలిపి 9వ లైన్లో 70,000. పద్నాలుగు వేలను డెబ్బై వేలతో భాగిస్తే 10వ లైన్లో 0.200. అంటే మార్చిన 20,000లో 4,000కే పన్ను లేదు, అది 11వ లైను. రెండో భాగంలో 16వ లైన్లో 20,000, 17లో 4,000, 18లో 16,000. 1040 ఫారంలో 4ఏ దగ్గర 20,000, 4బీ దగ్గర 16,000. 14వ లైన్లో మిగిలే 10,000 వచ్చే ఏటికి మోసుకెళ్లాల్సిన అసలు.

ఎక్కువమంది కాలుజారేది 6వ లైన్లో. మార్చిన ఖాతా నిల్వ ఒక్కటే రాసేస్తారు. చిన్న వ్యాపారాల వాళ్లకుండే సెప్, సింపుల్ ఐఆర్‌ఏలతో సహా మీ పేరున్న అన్ని ట్రెడిషనల్ ఐఆర్‌ఏ ఖాతాల మొత్తం అక్కడ రావాలి. పులిహోరలో వేరుశనగ గింజలు ఏరుకున్నట్టు పన్ను కట్టిన డాలర్లనే ఏరి మారుస్తానంటే అమెరికా పన్ను శాఖ ఐఆర్‌ఎస్ ఒప్పుకోదు. 401(కె) నిల్వ మాత్రం ఇందులో కలవదు. భార్యాభర్తలు ఉమ్మడిగా రిటర్న్ వేసినా 8606 ఎవరిది వారిదే. ఫారం వేయకపోతే పెనాల్టీ 50 డాలర్లే. అసలు నష్టం అది కాదు: 14,000కి రుజువు పోతే దానిమీద రెండోసారి పన్ను కడతారు.

గడువు విషయంలోనూ గందరగోళం ఉంది. ఐఆర్‌ఏలో కొత్తగా డబ్బు వేయడానికి ఏప్రిల్ 15 దాకా టైముంది, కన్వర్షన్‌కి లేదు. అది డిసెంబర్ 31లోపు అయిపోవాలి. అమెరికా మార్కెట్ మూసేసరికి మనకు తెల్లవారుజామున రెండున్నర. ఆ రాత్రి లాగిన్ అయితే ఓటీపీ ఎప్పుడో రద్దయిన అమెరికా నంబరుకి వెళ్తుంది. డిసెంబర్ మొదట్లోనే చేసేయడం మేలు. 2018 నుంచి కన్వర్షన్‌ని వెనక్కి తిప్పే వీల్లేదు కాబట్టి మొత్తం ఎంతో ముందే తేల్చుకోండి. విత్‌హోల్డింగ్, అంటే ముందే పట్టుకునే పన్ను, ఎంతని అడిగితే వీలున్నచోట సున్నా పెట్టండి. పట్టుకున్న సొమ్ము రాత్‌కి చేరదు, విత్‌డ్రాయల్ కింద లెక్కవుతుంది, వయసు తక్కువైతే దానిమీద పెనాల్టీ కూడా. చిరునామా తిరుపతి, 517501 అని మార్చాక అమెరికా పన్నుదారుడినని తెలిపే డబ్ల్యూ-9 ఫారం బ్రోకరేజీ ఫైల్లో ఉందో లేదో చూసుకోండి. పౌరుణ్ణి పొరపాటున నాన్ రెసిడెంట్ ఏలియన్‌గా, అంటే విదేశీయుడిగా నమోదు చేస్తే 30 శాతం కోసేసి, 1099-ఆర్ బదులు విదేశీయులకిచ్చే 1042-ఎస్ పంపుతారు.

ఎంత మార్చాలి? 2025కి ఉమ్మడి రిటర్న్‌లో స్టాండర్డ్ డిడక్షన్ 31,500, ఆపైన 10 శాతం స్లాబు 23,850 దాకా. వేరే ఆదాయం ఏమీ లేని 65 ఏళ్లలోపు జంట 55,350 మారిస్తే పన్ను 2,385 డాలర్లు. కానీ పౌరులకు ప్రపంచంలో ఎక్కడి ఆదాయమైనా లెక్కే. ఇక్కడి ఇంటద్దె, బ్యాంకు డిపాజిట్ వడ్డీ ముందు ఆ స్లాబులో కూర్చుంటాయి. విదేశంలో సంపాదనకు మినహాయింపు ఇచ్చే 2555 ఫారం కన్వర్షన్‌ని కాపాడదు, అది జీతంలాంటి సంపాదనకే.

ఇక మన వైపు. పదేళ్లలో తొమ్మిదేళ్లు నాన్ రెసిడెంట్‌గా ఉన్నా, ఏడేళ్లలో ఇండియాలో ఉన్నది 729 రోజులు దాటకపోయినా ఆర్‌ఎన్‌ఓఆర్ (రెసిడెంటే గానీ మామూలు రెసిడెంట్ కాదు) హోదా వస్తుంది. తిరిగొచ్చాక రెండు మూడేళ్లు ఉండే ఈ వెసులుబాటులో అమెరికా ఖాతా ఆదాయానికి ఇక్కడ పన్ను లేదు. కన్వర్షన్ చేయాలంటే ఇదే అదను. మామూలు రెసిడెంట్ అయ్యాక 30 శాతం స్లాబులో ఉంటే, ఆ మొత్తాన్ని ఇక్కడ ఆదాయంగా లెక్కగట్టినప్పుడు అమెరికాలో కట్టిన కొద్దిపాటి పన్నుకి క్రెడిట్ వస్తుందే తప్ప మిగతాది ఇక్కడ కట్టాల్సిందే. రెండు క్యాలెండర్లని మరవకండి: 2025 ఫిబ్రవరిలో చేసిన కన్వర్షన్ అమెరికాకి 2025 లెక్క, మనకు 2024-25 ఆర్థిక సంవత్సరం.

ఇంకో చిక్కుంది, తిరుపతిలో ఆడిటర్ దగ్గర కూర్చున్నప్పుడు తప్పకుండా అడగాల్సింది. 2026 మార్చి 31 దాకా అమల్లో ఉన్న 1961 ఆదాయపు పన్ను చట్టం 89ఏ సెక్షన్ కింద ఫారం 10-ఈఈ ఇస్తే, అమెరికా రిటైర్మెంట్ ఖాతాలో ఏటా పెరిగేదానికి ఇక్కడ అప్పటికప్పుడు పన్ను పడేది కాదు, తీసుకునేటప్పుడే పడేది. కానీ ఆ సెక్షన్ చెప్పేది తీసుకునేటప్పుడు అక్కడ పన్ను పడే ఖాతా గురించి. రాత్‌లో నియమాల ప్రకారం తీసుకుంటే అక్కడ పన్నే లేదు. నిర్వచనాన్ని ఉన్నదున్నట్టు చదివితే రాత్ అందులో ఇమడదు. ఇక్కడే ఉండిపోయేవాళ్లు రాత్‌లో డివిడెండ్లు పంచే ఫండ్లు తగ్గించుకోవడం మంచిదని నా అభిప్రాయం. మామూలు రెసిడెంట్ అయ్యాక ఆ ఖాతా ఇక్కడి రిటర్న్‌లో విదేశీ ఆస్తులు చూపే షెడ్యూల్ ఎఫ్‌ఏలో రావాలి, అదీ జనవరి నుంచి డిసెంబర్ లెక్కన.

విదేశంలో ఉండే పౌరులకు 1040 వేయడానికి జూన్ 15 దాకా గడువు ఉంది, వడ్డీ మాత్రం ఏప్రిల్ 15 నుంచే లెక్క. పన్ను ఏప్రిల్‌లోనే కట్టేసి, రిటర్న్‌ని ఐఆర్‌ఏలోకి వచ్చిన డబ్బు చూపుతూ బ్రోకరేజీ మే నెలాఖరుకి పంపే 5498 ఫారం దాకా ఆపుకోవచ్చు. అందులో 3వ గడి, ఐఆర్‌ఏ నుంచే మార్చినవాళ్లకు, మీ 8606 16వ లైనుతో కలవాలి.