బెలిండా అర్జీల వెంట

బెలిండా పద్దెనిమిదో శతాబ్దపు అమెరికాలో బానిసగా బతికి, తన చాకిరీకి ప్రతిఫలం ఇప్పించమని అర్జీలు పెట్టిన ఆఫ్రికా స్త్రీ. ఆమె గురించి వెతకాలనుకునేవాళ్ళకు మొదటి చిక్కు ఇంటిపేరు. 1783 నాటి అర్జీలో ఆమె ఒట్టి బెలిండా. 1788 నాటి అర్జీకి వచ్చేసరికి బెలిండా సటన్. అందుకే, మనసొప్పకపోయినా యజమాని పేరుతోనే వెతకడం మొదలుపెట్టాను.

ఆ యజమాని ఐజాక్ రాయల్. వాళ్ళ నాన్న కరీబియన్ దీవి ఆంటిగ్వాలో చెరకు తోటల మీద గడించి, 1737లో కుటుంబంతో మసాచుసెట్స్‌లోని మెడ్‌ఫర్డ్‌కు మారాడు. వెంట 27 మంది బానిసలు. ఆ బంగళా, పక్కన బానిసలు ఉన్న కట్టడం ఇప్పుడు మ్యూజియం. బాస్టన్ పక్కనే ఉంటాను కాబట్టి వెళ్ళి చూశాను. అయితే ఆమె జీవితం నాకు దొరికింది కాగితాల్లోనే.

1775లో అమెరికా స్వాతంత్ర్య యుద్ధం ముంచుకొస్తుంటే రాయల్ ఊరు వదిలి వెళ్ళిపోయాడు, 1781లో ఇంగ్లండ్‌లో పోయాడు. అతని వీలునామా చదువుతుంటే ఒళ్ళు మండింది. బెలిండాను కూతురికి రాశాడు. ఆమె స్వేచ్ఛే కోరుకుంటే ఇవ్వొచ్చట, కానీ మెడ్‌ఫర్డ్ ఊరికి భారం కాకుండా పూచీ చూపాలట! అదే వీలునామాలో హార్వర్డ్‌కు భూములు రాశాడు. అక్కడి మొదటి లా ప్రొఫెసర్ పదవి ఆ డబ్బుతోనే వచ్చింది. రాయల్ వంశ చిహ్నంలోని గోధుమ పనలు 2016 దాకా ఆ లా స్కూల్ ముద్రలో ఉండేవి.

1783 ఫిబ్రవరిలో ఆమె రాష్ట్ర శాసనసభకు పెట్టుకున్న అర్జీ స్కాన్ ఆన్‌లైన్‌లో ఉచితంగా చూడొచ్చు. పాతకాలపు రాతలో ‘ఎస్’ కొన్నిచోట్ల ‘ఎఫ్’లా కనిపించి తికమక పెడుతుంది. పైకి చదువుతూ పోతే అలవాటవుతుంది. పన్నెండేళ్ళు నిండకముందు, ఆఫ్రికాలోని వోల్టా నది ప్రాంతంలో, అమ్మానాన్నల చేతులు పట్టుకుని వనంలో ‘ఒరిసా’ అనే దేవుడికి (మన ఒరిస్సా కాదు) మొక్కుతుండగా తెల్లవాళ్ళు ఆమెను ఎత్తుకుపోయారు. వాళ్ళ ముఖాలు చంద్రుడిలా ఉన్నాయట, విల్లంబులు ఉరుములూ మెరుపుల్లా.

ఇక్కడ కొంచెం ఆగాలి. వోల్టా ఘనాలో ఉంది, ఒరిసా మాత్రం అక్కడికి తూర్పున నైజీరియా వైపు ఉండే యొరుబా జాతి వాళ్ళ మాట. పైగా ఆమె సంతకం బదులు గుర్తు పెట్టింది, అంటే రాసింది వేరెవరో. బాస్టన్ నల్లజాతి నాయకుడు ప్రిన్స్ హాల్ అయి ఉంటాడని కొందరు పరిశోధకుల ఊహ. ఏ మాట ఎవరిదో విడదీయడం కష్టం. చంద్రుడి ముఖాలు మాత్రం ఆమెవే అని నా నమ్మకం.

యాభై ఏళ్ళు చాకిరీ చేశాను, డెబ్బై ఏళ్ళొచ్చాయి, కూతురు ప్రైన్‌కు ఆరోగ్యం బాగోదు, మా ఇద్దరికీ రాయల్ ఆస్తిలోంచి కొంత ఇప్పించండి అని అడిగింది. శాసనసభ ఏటా 15 పౌండ్ల 12 షిల్లింగులు ఇవ్వమంది. లెక్కేస్తే వారానికి ఆరు షిల్లింగులు. కొన్నాళ్ళు ఇచ్చి ఆపేశారు. మనవాళ్ళు పింఛను కోసం ఆఫీసుల చుట్టూ తిరిగినట్టే, 1793 దాకా మళ్ళీ మళ్ళీ అర్జీలు పెట్టింది. డబ్బు సవ్యంగా ఇచ్చి ఉంటే ఆ మొదటిది తప్ప మిగతా అర్జీలు పుట్టేవే కావు. ఆ ఇంటిపేరూ నాకు తెలిసేది కాదేమో.

1768లో మెడ్‌ఫర్డ్ చర్చిలో ప్రైన్‌తోపాటు జోసెఫ్ అనే కొడుకుకూ బాప్తిస్మం ఇచ్చారు. 1783 అర్జీలో అతని ఊసే లేదు. ప్రస్తుతం జోసెఫ్ కోసం పాత పన్నుల జాబితాలు చూస్తున్నాను.