‘వరుస’లో తక్‌పట్టీ లెక్క కలిసింది

ఓకామెల్ అనే ప్రోగ్రామింగ్ భాషను చూసి రాసుకుంటున్న నా చిన్న భాష ‘వరుస’లో మొదటిసారి పనికొచ్చే ప్రోగ్రాం ఒకటి నడిచింది. వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో బాపు మిర్చి అమ్మిన తక్‌పట్టీ (బస్తాల తూకం, ధర రాసిచ్చే చీటీ) ముందు పెట్టుకుని ఆ లెక్కే రాశాను:

బస్తాలు |> తూకాలు |> మొత్తం |> ధరకట్టు

18 బస్తాలు. పైసలతో సహా కలిసింది. చాలా సంతోషమైంది.

ఓకామెల్‌లో ఈ |> గుర్తు (ఎడమవైపు వచ్చినదాన్ని కుడివైపు పనికి అందిస్తుంది) 2013 నాటి 4.01 వెర్షన్ నుంచి ఉంది. అక్కడ వాడితే వాడొచ్చు, లేకుంటే లేదు. వరుసలో ఇదొక్కటే దారి: ముందు సరుకు, చివర పని. ‘బస్తాలు తూకం వెయ్యి’ అని మనం అనేది కూడా ఆ క్రమంలోనే.

దశాంశాలు తీసేశాను. ఓకామెల్‌లో పూర్ణాంకాలకు +, దశాంశాలకు +. అని కూడికకు రెండు గుర్తులు. ఏది ఏ రకం విలువో (టైపు) కంపైలరే కనిపెట్టాలంటే అది తేలికే కానీ, లెక్క రాసేవాళ్లకు చిరాకు. అందుకే తూకం గ్రాముల్లో, డబ్బు పైసల్లో పెట్టాను. 43.6 కిలోలంటే 43600. క్వింటాల్ ధరతో గుణించి, 100000తో భాగించడం ఆఖరున ఒక్కసారే.

మూడు రాత్రులు మాత్రం ‘లాట్’ అనే పేరు తినేసింది. పైన నిర్వచించి కింద వాడితే ఆ పేరే లేదంటుంది. రెండూ కంటికి ఒకేలా ఉన్నాయి. టైపులు సరిచూసే భాగం (టైప్ చెకర్) అంతా వెతికాను. చివరికి బైట్లు ప్రింట్ చేస్తే ఒకదాని వెనక మూడు బైట్లు ఎక్కువున్నాయి: యూనికోడ్‌లో యు+200సి. పొల్లు పక్క అక్షరంతో కలవకుండా కీబోర్డు చేర్చే, కనిపించని గుర్తు అది. ఒకటి ఫోన్‌లో కొట్టింది, రెండోది ల్యాప్‌టాప్‌లో. ఇప్పుడు పేర్లు పోల్చేముందు ఆ గుర్తును తీసేస్తున్నా. దాంతో తక్‌పట్టీ, తక్పట్టీ ఒకే పేరైపోతాయి, నాకదే సరి. తప్పు చూపేటప్పుడు మాత్రం రాసింది రాసినట్టే చూపుతుంది.

తప్పు దగ్గర చూపే బాణం కూడా ఎక్కడికో పోయేది. అక్షరాలను బైట్లుగా దాచే యూటీఎఫ్-8లో ‘బస్తాలు’ 21 బైట్లు, కంటికి మూడక్షరాలే. ఒత్తులు, గుణింతాలు కలిపి లెక్కబెట్టాక కుదిరింది.

తర్వాత తరుగు, హమాలీలను రకాలుగా పెట్టాలి. రకానికో లెక్క రాసేటప్పుడు ఏదైనా రకం మరిస్తే ఓకామెల్ హెచ్చరించి వదిలేస్తుంది. వరుస అక్కడే ఆగిపోవాలి.