హెష్బోనుకు రండి

సంఖ్యాకాండం 21వ అధ్యాయంలో "హెష్బోనుకు రండి" అనే మాట దగ్గర చాలామంది ఆగరు. సీహోను రాజు పట్టణమే కదా అని దాటేస్తారు. మన యూదుల ధర్మశాస్త్ర చర్చల గ్రంథం తల్మూదులోని పెద్దలు మాత్రం అక్కడే కూర్చుండిపోయారు. ఆ మాట అనేవాళ్లు మోష్లీమ్, సామెతలు చెప్పేవారు. హీబ్రూలో ఏలేవారన్నా అదే మాట. హెష్బోన్ అంటే లెక్క. తమలోని చెడు కోరికను ఏలేవారు "రండి, లెక్క చూసుకుందాం" అంటున్నారని తల్మూదులోని బావా బత్రా భాగంలో అర్థం చెప్పారు. మిత్స్వా, అంటే దేవుడు ఆజ్ఞాపించిన పని, చేస్తే పోయేదెంత, వచ్చేదెంత? పాపం చేస్తే వచ్చేదెంత, పోయేదెంత?

ఈ లెక్కను మనం కొత్త సంవత్సరానికి ముందొచ్చే ఎలూల్ నెలకు వాయిదా వేస్తున్నాం. పొట్టేలు కొమ్ము బూర షోఫార్ ఊదగానే ఏడాది తప్పులన్నీ ఒక్కసారి గుర్తు రమ్మంటే వస్తాయా? మా నాన్నకు కిరాణా కొట్టుండేది. ఎంత పొద్దుపోయినా షట్టర్ సగం దించి, చిట్టా రాయందే ఇంటికొచ్చేవారు కాదు. "రేపు రాద్దాంలే అనుకుంటే పావలా కూడా గుర్తుండదురా" అనేవారు.

పడుకునే ముందు షెమా, అంటే దేవుడు ఒక్కడే అని ఒప్పుకునే ప్రార్థన, చెప్పే వేళే మన చిట్టా రాసే వేళ. దాన్ని ఫోన్ చూస్తూ గొణిగేసి పడుకుంటుంటే నాకు నిజంగా బాధేస్తుంది. అయ్యా, ఆ ఐదు నిమిషాలైనా ఫోన్ పక్కన పెట్టండి. షెమాకు ముందున్న ప్రార్థన చూడండి. నన్ను కోపపెట్టినవారిని, నా ఒంటికి, సొత్తుకు, పరువుకు నష్టం చేసినవారిని క్షమిస్తున్నాను అంటాం. మనకు రావాల్సిన బాకీలు ముందు కొట్టేయాలి. మనం పడ్డ బాకీల సంగతి ఆ తర్వాతే.

ఇప్పుడా కొట్టు నేను చూసుకుంటున్నాను. కిందటి ఎండాకాలం ఒక పెద్దావిడ కందిపప్పు తీసుకుని చిల్లర మరిచి వెళ్లిపోయింది. 40 రూపాయలు. పిలిస్తే వినబడే దూరంలోనే ఉంది. పిలవలేదు. రాత్రి షెమాకు కళ్ల మీద చెయ్యి పెట్టుకుంటే ఆవిడ చేతిసంచే కనబడింది. వచ్చింది 40. మరి పోయిందెంత? తోటిమనిషికి చేసిన తప్పును, ఆ మనిషిని సమాధానపరిచేదాకా ఉపవాసముండే ప్రాయశ్చిత్త దినం యోమ్ కిప్పూర్ కూడా తుడవదని తల్మూదుకు మూలమైన మిష్నా చెబుతోంది. ఉపవాసంతో తీరే బాకీ కాదిది.

తెల్లారి లేచి, లేవగానే చెప్పే మోదె అనీ ప్రార్థన చెప్పుకుంటూ, "నా ప్రాణాన్ని కనికరంతో తిరిగి ఇచ్చావు" అనే చోట ఆగిపోయాను. రాత్రి అప్పగించిన ప్రాణాన్ని దేవుడు పైసా తగ్గించకుండా నా చేతిలో పెట్టాడు. నేనేమో ఆవిడ చిల్లర గల్లాపెట్టెలో పెట్టుకుని కూర్చున్నాను.

కొట్టు తీయకముందే వాళ్లింటికి వెళ్లి ఇచ్చాను. "నీ దగ్గరే ఉన్నాయా నాయనా, దారిలో పారేసుకున్నాననుకుని రాత్రంతా సంచి దులుపుతూనే ఉన్నాను" అంది.