గ్యాస్ అయిపోయింది, మా ఏజెంటు టిక్ పెట్టేసింది

నిన్న పొద్దున్న అమ్మ ఫోన్‌లో వాయిస్ టైపింగ్‌తో "గ్యాస్ అయిపోనాది" అంది. ఇంటి పనుల జాబితా చూసుకోడానికి ఏఐ మోడల్‌తో నేను రాసుకున్న ఏజెంటు (మనం చెప్పింది విని టాస్కులు పెట్టే, మార్చే, మూసే ప్రోగ్రాం) "గ్యాస్ బుక్ చేయాలి" అనే టాస్క్‌ని వెతికి పట్టుకుని టిక్ పెట్టి "పూర్తయింది" అని చెప్పింది. సిలిండర్ ఖాళీ, దోసెల పిండి గిన్నెలోనే ఉంది. ఆఖరికి విశాఖ ఎంవీపీ కాలనీ రైతు బజార్ దగ్గర ఇడ్లీలు కట్టించుకొచ్చాను.

"ఎల్లుండి" లాంటి మాటలకి తప్పు తేదీ వేసే గొడవ ముందే తీరిపోయింది. ఇవాళ్టి తేదీ, వారం, మన టైమ్‌జోన్ సిస్టమ్ ప్రాంప్ట్‌లో (మోడల్‌కి ముందుగా ఇచ్చే సూచనల్లో) పెట్టగానే "ఎల్లుండి" దారిలో పడింది. గూగుల్ టాస్క్స్ ఏపీఐ (వేరే ప్రోగ్రాములు దాన్ని వాడుకునే దారి) గడువులో తేదీనే ఉంచుకుని టైమ్ వదిలేస్తుంది కాబట్టి టాస్కుల్ని సొంతంగా ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేస్‌లో పెట్టుకున్నాను. హాయిగా ఉంది.

ఇరుక్కున్నదల్లా "అయిపోయింది" దగ్గర. కరెంటు బిల్లు అయిపోయిందంటే కట్టేశాం. పాలు అయిపోయాయంటే తేవాలి. ఇలాంటి వాక్యాలు 12 రాసుకుని, ఒక్కోటి 5 సార్లు చొప్పున 60 రన్‌లు నడిపాను. (మోడల్ పిలిచే ఒక్కో పనిముట్టు ఒక టూల్. ఏ టూల్ ఎప్పుడు వాడాలో చెప్పే వివరణలు ఇంగ్లీషులోనే రాస్తాను. అవి ప్రతి కాల్‌తోనూ వెళ్తాయి, తెలుగు లిపికి టోకెన్లు (మోడల్ చదివే అక్షరాల ముక్కలు) ఎక్కువ ఖర్చు. ఇక్కడ తెలుగులో చెబుతున్నాను.)

టిక్ పెట్టి మూసే టూల్ కంప్లీట్_టాస్క్‌కి మొదటి వివరణ: "టాస్క్ పూర్తయినట్టు గుర్తిస్తుంది." 60కి 23 తప్పు. రెండోసారి "ముఖ్యం! సరుకు అయిపోతే ఇది వాడకూడదు" అని తగిలించాను. 19 తప్పు, పైగా కొత్త రకం: "ఫీజు కట్టడం అయిపోయింది" అంటే "ఫీజు కొనాలి" అని కొత్త టాస్క్ పెట్టింది! పెద్దక్షరాలతో గదమాయించే ఈ పద్ధతి నాకు మొదటి నుంచీ నచ్చదు. మోడల్ బెదిరి రెండో పక్కకి ఒరుగుతుంది. మూడోసారి గ్యాస్, పాలు ఉదాహరణలు ఇచ్చాను. ఆ రెండూ బాగుపడ్డాయి గానీ "ఇన్వర్టర్‌లో నీళ్లు అయిపోయాయి" 5కి 5 తప్పు. మొత్తం 14.

దీనికి తెలుగు రాదేమో అనుకున్నాను. అనుమానమొచ్చి జాబితాలోంచి ఇన్వర్టర్ టాస్క్ తీసేసి అదే వాక్యం ఇస్తే 5కి 5 కరెక్ట్. అంటే అర్థం తెలుసు. జాబితాలో అదే పేరుతో పని కనబడగానే మూసేస్తోంది, అంతే. పోనీ, ఇంకేం చేయాలి దానికి? కొత్త టాస్క్ పెట్టే క్రియేట్_టాస్క్ వాడితే అదే పని రెండుసార్లు వస్తుంది. అప్‌డేట్_టాస్క్ వివరణ చూస్తే "వివరాలు మారుస్తుంది" అని మాత్రమే రాశాను. పని ముందే రాసి ఉంది, ఇంకా కాలేదు, ఇప్పుడు అర్జెంటు అయింది. ఈ పరిస్థితికి ఏ టూల్ వివరణలోనూ చోటు లేదు. తప్పు నాదే.

అప్‌డేట్_టాస్క్‌లో ఇలా రాశాను: "సరుకు లేదని చెబితే, దాని టాస్క్ జాబితాలో ఉంటే మూయకుండా గడువు ఇవాళ్టికి మార్చు. లేకపోతే క్రియేట్_టాస్క్ వాడు." కంప్లీట్_టాస్క్‌లో "కారణం" అనే తప్పనిసరి ఫీల్డ్ పెట్టి, దానికి రెండే విలువలు ఇచ్చాను: పని_జరిగింది, పని_అక్కర్లేదు. టిక్ పెట్టేముందు ఏదో ఒకటి చెప్పి తీరాలి. 60కి 4 తప్పు! రాత్రి ఒంటిగంటకి కుర్చీలోంచి లేచి గంతేశాను.

ఆ నాలుగూ "టిఫిన్ అయిపోయింది" వాక్యానివే. తినేశారా, మిగల్లేదా? నాకూ తెలీదు. అక్కడ తిరిగి అడగమని రాశాను.

ఇక్కడితో ఒడ్డున పడ్డాననుకుంటే, అమ్మ పొద్దున్నే "ఒరే, బియ్యం అయిపోయాయి అనకూడదు, నిండుకున్నాయి అనాలి" అంటూ ఫోన్‌లో అదే చెప్పింది. ఏజెంటు "బియ్యం కొనాలి" టాస్క్‌ని పని_జరిగింది కారణంతో మూసేసింది. డబ్బా నిండిందనుకుంది పాపం. దీన్ని వివరణలో ఉదాహరణగా పెట్టాలా, ఇలాంటి ఇంటి మాటలన్నీ సిస్టమ్ ప్రాంప్ట్‌లో చిన్న పట్టికగా పెట్టాలా తేల్చుకోలేదు. పట్టిక వైపే మొగ్గుతున్నాను. "కట్టీసాను", "తెచ్చీసాను" లాంటి మన వైపు మాటలూ అందులోకే వెళ్తాయి. వాయిస్ టైపింగ్ వాటిని "కట్టే సాను" అని విరిచి రాస్తోంది.

తర్వాతి పని తిథులు. "సింహాచలం చందనోత్సవానికి వారం ముందు గుర్తు చెయ్యి" అంది అమ్మ. అది వైశాఖ శుద్ధ తదియ, ఇంగ్లీషు తేదీ ఏటా మారుతుంది. మోడల్‌ని లెక్కకట్టమంటే ధీమాగా ఏదో తేదీ చెబుతుంది, అందుకే తిథి_నుంచి_తేదీ అని వేరే టూల్ రాస్తున్నాను. దాని వివరణలో మొదటి వాక్యం మాత్రం రాసేశాను: "తిథి వినబడితే తేదీ నువ్వు ఊహించకు, నన్ను పిలువు."