కత్తిరి వదిలినా రోహిణి వదలదు

మే 28 దాటగానే చెన్నైలో ఎవరిని కదిపినా "కత్తిరి ముగిసింది" అంటారు, అంటే మండుటెండల రోజులు పోయాయని. అదే వారం ఇక్కడి తెలుగిళ్లలో మాట వేరు: "రోహిణి ఇప్పుడేగా వచ్చింది, రోళ్లు పగలొద్దూ?" నిజానికి రెండూ ఒకే పంచాంగం లెక్క.

రాశిచక్రం 360 డిగ్రీలు, నక్షత్రాలు 27. ఒక్కో నక్షత్రాన్ని దాటడానికి సూర్యుడికి పట్టే 13, 14 రోజులే కార్తె. అందులో నాలుగో వంతు పాదం, అంటే మూడున్నర రోజులు. భరణి మూడో పాదంలో మొదలై, కృత్తిక మొత్తం దాటి, రోహిణి మొదటి పాదంతో ముగిసే ఏడు పాదాలు కర్తరి. మే 4 నుంచి 28 దాకా. కర్తరి అంటే కత్తెర, తమిళంలో కత్తిరి. కృత్తికకు అధిదేవత అగ్ని గనక అగ్ని నక్షత్రమనీ అంటారు. మన పంచాంగాల్లో మొదటి వారం డొల్లు కర్తరి, మే 11 నుంచి నిజ కర్తరి. ఇల్లు మొదలుపెట్టరు, బావి తవ్వరు.

రోహిణి కార్తె మే 25న వచ్చి జూన్ 7 దాకా ఉంటుంది. కర్తరి పోయాక కూడా పది రోజులు మిగిలే ఉంటుందన్నమాట. (ఈ తేదీలూ స్థిరం కావు. దాదాపు 72 ఏళ్లకో రోజు ఆలస్యమవుతాయి. వెయ్యేళ్ల కిందట రోహిణి రెండు వారాల ముందే వచ్చేది.)

మరి పగలడానికి రోలే దొరికిందా? రోహిణికి రోలు ప్రాస కుదిరింది, నా లెక్కలో సగం కారణం అదే. మృగశిర కురిస్తే ముసలి ఎద్దు రంకె వేస్తుందన్నదీ ఇదే బాపతు. పైగా పెరట్లో ఏడాది పొడుగునా ఎండకు పడుండేది ఆ రాయే. ఎండకు పైపొర కాగి సాగుతుంది, లోపలి రాయి సాగదు. అయినా గట్టి నల్లరాయి వట్టి ఎండకే చీలదు. ముందే సన్నటి నెర్రె ఉండి, కాగినప్పుడు చన్నీళ్లు పడితే అది పెరుగుతుంది.

చెన్నైలో సూర్యుడు నడినెత్తికొచ్చేది ఏప్రిల్ 25 ప్రాంతంలో. ఎండ ముదిరేది మాత్రం నెల తర్వాత, పడమటి గాలి బలపడి సముద్రపు గాలిని ఊళ్లోకి రానీయనప్పుడు. ఆ చల్లగాలి పన్నెండింటికి వస్తే ఎండ 37 దగ్గర ఆగుతుంది, మూడైనా రాకపోతే 40 దాటుతుంది. 2003లో 45 డిగ్రీలు కాసింది మే నెలాఖరున, కత్తిరి వదిలాకే.

వడియాలు పెట్టేవాళ్లకు ఆ పడమటి గాలే మేలు, పొడిగా ఉంటుంది. సముద్రపు గాలి తగలగానే తీసి లోపల పెట్టాలి, లేదంటే తేమకు మెత్తబడతాయి.